కాన్పు ఒకటి, బిడ్డలు ఇద్దరు

నాకు ఇప్పుడు ఏడవ నెల. ఇంట్లో రెండేళ్ళ నాలుగు నెలల కవలలు ఉన్నారు. ఆడపిల్లను అమ్ములు అనీ, మగపిల్లవాణ్ణి నాని అనీ పిలుచుకుంటాము. మేము ఉండేది బెంగళూరులో, మారతహళ్ళికి దగ్గర, మూడో అంతస్తులో. సంగతి తెలిసిన వాళ్ళలో నూటికి తొంభై మంది మొదట అడిగే మాట ఒకటే: "ఒక్క కాన్పులోనే ఆడా మగా ఇద్దరూ అయిపోయారు కదా, మళ్ళీ ఎందుకమ్మా?" మొదట్లో ఓపికగా జవాబు చెప్పేదాన్ని, ఇప్పుడు నవ్వి ఊరుకుంటున్నాను. మాకు మూడో బిడ్డ కావాలనిపించింది, అంతకు మించి కారణం లేదు. అయితే ఈ ఏడు నెలల్లో నేను కొత్తగా తెలుసుకున్నది ఒకటుంది. మాకు పిల్లలు ఎంతమంది అన్న లెక్క, అడిగే చోటును బట్టి మారిపోతూ ఉంటుంది.

ఆసుపత్రి వాళ్ళు ఇచ్చిన కార్డు మీద నా పేరు కింద 'జి 2, పి 1, ఎల్ 2' అని రాసి ఉంటుంది. జి అంటే ఇది ఎన్నవ గర్భమో, పి అంటే ఇంతకు ముందు ఎన్ని కాన్పులయ్యాయో, ఎల్ అంటే బతికి ఉన్న బిడ్డలు ఎందరో. కవలలు పుట్టినా అది ఒక కాన్పే అన్నది ప్రసూతి వైద్యుల లెక్క కాబట్టి పి దగ్గర ఒకటి, ఎల్ దగ్గర రెండు పడ్డాయి. 2023 సెప్టెంబరులో 35వ వారానికే బయటపడి, ఒకరు 2.1 కిలోలు, మరొకరు 1.9 కిలోలు తూగి, పన్నెండు రోజులు గాజు పెట్టెల్లో ఉండి ఇల్లు చేరిన ఇద్దరి చరిత్ర అంతా ఆ ఒకటీ రెండూ అన్న అంకెల్లో ఇమిడిపోవడం చూసి నాకు నవ్వు కూడా వచ్చింది.

తొలి స్కానింగు రోజున మావారి ముఖం చూసి తీరవలసిందే. ఆడ, మగ కవలలు రెండు వేరు వేరు అండాల నుంచి కలిగినవాళ్ళు (అయినా "ఇద్దరూ ఒకేలా ఉంటారా?" అని అడిగేవాళ్ళు నేటికీ ఉన్నారు), అటువంటి కవలలను ఒకసారి కన్న తల్లికి మళ్ళీ కవలలు కలిగే అవకాశం మిగతా వాళ్ళకంటే ఎక్కువ అని ఆయన ఎక్కడో చదివి, వారం రోజులుగా నిద్ర లేకుండా ఉన్నారు. చదివింది నిజమే కూడాను. డాక్టరుగారు తెర వైపు చూసి "ఒక్కటే, గుండె బాగా కొట్టుకుంటోంది" అన్నారు. "ఇంకోసారి చూస్తారా, ఒకదాని వెనుక ఒకటి దాక్కుందేమో" అన్నారు మావారు. ఆవిడ నవ్వి ఇంకోసారి చూసి, ఒక్కటే అని ఖాయం చేశారు. జంట అరటిపండు తింటే కవలలు పుడతారన్న మాటను ఆయన అంతవరకు కొట్టిపారేసేవారు. కానీ ఆ రోజు నుంచి అరటిపండ్ల అత్తం తెస్తే, అందులో అతుక్కున్న పండ్లు కనిపిస్తే, నా కంట పడకుండా తానే తినేస్తున్నారు. ఒక్కటేనని తేలాక ఇక దాచి ప్రయోజనం ఏమిటని నేను అడగలేదు.

డాక్టరుగారు మందలించిన విషయం కూడా ఒకటి ఉంది. ఒక కాన్పు తర్వాత మరో గర్భానికి కనీసం 24 నెలలు ఎడం ఉండాలన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన. మాకు 22 నెలలు కూడా నిండలేదు. పైగా మొదటిది ఆపరేషను. ఇద్దరిని మోసిన ఒళ్ళు కాబట్టి ఇనుము నిల్వలు తేరుకోక, 11 గ్రాములకు తగ్గకుండా ఉండవలసిన హిమోగ్లోబిన్ నాకు 9.6 దగ్గర ఆగిపోయింది. ఇనుము మాత్రకూ కాఫీకీ మధ్య ఎడం పాటించడం ఈ ఊళ్ళో, అందులోనూ కింది ఇంట్లో నుంచి డికాక్షను వాసన మెట్ల మీదుగా పైకి వచ్చే భవనంలో, ఎంత కష్టమో చెప్పలేను.

ఇక ఆఫీసు లెక్క. కవలలు పుట్టినప్పుడు నాకు 26 వారాల సెలవు ఇచ్చారు. 1961 నాటి ప్రసూతి ప్రయోజన చట్టాన్ని 2017లో సవరించి, 12 వారాల సెలవును 26 వారాలు చేశారు కాబట్టి ఈసారీ అంతే ఉంటుందని ధీమాగా ఉన్నాను. హెచ్‌ఆర్ విభాగంలో ఉన్న అమ్మాయి కంప్యూటరులో చూసి, ఇబ్బంది పడుతూ నిబంధన చదివి వినిపించింది. ఇద్దరు లేదా అంతకంటే ఎక్కువమంది బిడ్డలు బతికి ఉన్న తల్లికి దొరికేది 12 వారాలే, అందులో కాన్పుకు ముందు వాడుకోగలిగేది ఆరు వారాలకు మించదు. 2025 నవంబరులో పాత చట్టం స్థానంలో అమలులోకి వచ్చిన సామాజిక భద్రతా కోడ్‌లోనూ ఈ అంకెలు అలాగే ఉన్నాయి. "ఇది నా రెండో కాన్పమ్మా" అన్నాను. "తెలుసు మేడమ్, కానీ మీకు ఇద్దరు పిల్లలు కదా" అంది ఆ అమ్మాయి. చట్టం చూసేది ఎల్‌ను, పిని కాదు. ఆసుపత్రి కార్డు చూపిస్తే ఏమైనా ఉపయోగముంటుందా అని అడిగాను గాని, అడుగుతున్నప్పుడే ఉండదని తెలుసు.

ఇంటికి వచ్చి వెతికితే, 2020లో మద్రాసు హైకోర్టు ముందుకు ఇటువంటి వ్యవహారమే వచ్చినట్టు కనిపించింది. మొదటి కాన్పులో కవలలను కన్న ఒక కేంద్ర ప్రభుత్వ ఉద్యోగిని రెండో కాన్పుకు ప్రసూతి సెలవు కోరారు. కవలలు కూడా ఒకరి తర్వాత ఒకరే పుడతారనీ, వాళ్ళలో ఎవరు పెద్ద, ఎవరు చిన్న అన్నది ఆ ఎడాన్ని బట్టే తేలుతుందనీ, కనుక అది ఒక కాన్పు కాదు, రెండు కాన్పులనీ ధర్మాసనం చెప్పింది. న్యాయమూర్తులతో వాదించేంత చదువు నాకు లేదు. మా ఇంట్లో ఆ ఎడం రెండు నిమిషాలు. కోత ఒకటి, మత్తు ఇంజెక్షను ఒకటి, బల్ల ఒకటి. కోత పెట్టిన చోటికి అమ్ములు దగ్గరగా ఉంది కాబట్టి అమ్ములు అక్క అయింది, నాని తమ్ముడయ్యాడు. ఆ రెండు నిమిషాల విలువ పద్నాలుగు వారాలని అప్పుడు ఎవరూ చెప్పలేదు. దాచుకున్న సెలవులు 31 రోజులు ఉన్నాయి, వాటిని 84 రోజులకు కలిపి, మిగతాది ఇంటి నుంచి పని చేయనిస్తారేమో అడిగి చూడాలి.

పొద్దుటి పూట మా ఇల్లు ఇలా మొదలవుతుంది. ఐదున్నరకల్లా ఇద్దరిలో ఒకరు లేస్తారు. ఎవరు లేస్తారో ముందుగా తెలియదు గాని, ఒకరు లేచిన పది నిమిషాలకు రెండోవారు లేవక మానరు. పాల పాకెట్లు గుమ్మం ముందు సంచిలో ఉంటాయి. పోయిన సంక్రాంతి తర్వాత, పిల్లలకు మాటలు వస్తున్న రోజుల్లో, ఒక తెల్లవారుజామున అమ్ములు నా చీర చెంగు పట్టుకుని "అమ్మా, హాలు" అంది. చేయి పట్టుకుని హాల్లోకి తీసుకువెళ్ళాను. "హాలు, హాలు" అని ఏడుపు మొదలుపెట్టింది. దీపం వేశాను, బొమ్మలు చూపించాను, సోఫా మీద కూర్చోబెట్టాను, ఏడుపు పెరిగిందే గాని తగ్గలేదు. ఏడు గంటలకు పనికి వచ్చే అక్క, ఆవిడది హాసన్ వైపు ఊరు, గుమ్మంలో అడుగు పెడుతూనే ఆ మాట విని "హాలు కొడి అమ్మా" అని నాకు చెప్పి, తానే వంటింట్లోకి వెళ్ళి గ్లాసులో పాలు పోసి తెచ్చి ఇచ్చింది. తెలుగులో పకారం ఉన్న చోట కన్నడంలో హకారం ఉంటుందని, మన పాలు వాళ్ళకు హాలు, మన పువ్వు వాళ్ళకు హూవు అని పదేళ్ళుగా ఈ ఊళ్ళో ఉంటున్న నాకు తెలియకపోలేదు. కన్నబిడ్డ నోట వినేసరికి తోచలేదు, అంతే. ఆవిడే మా పిల్లలను 'అవళి జవళి' అంటుంది, కన్నడంలో కవలలు అని. జవళి అంటే నాకు బట్టల కొట్టే గుర్తుకు వస్తుంది. ఇప్పుడు మా ఇంట్లో వద్దనడానికి అమ్ములు "బేడ" అంటుంది, నాని "వద్దు" అంటాడు; ఇద్దరూ పట్టుబట్టినప్పుడు రెండు భాషలూ ఒకేసారి వినవచ్చు.

ఇద్దరి బరువూ కలిపితే 24 కిలోలు. ఆరో నెల దాటిన దగ్గర నుంచి ఎవరినీ ఎత్తుకోవద్దని డాక్టరుగారు గట్టిగా చెప్పారు. ఎత్తుకోమన్న పిల్లవాడికి ఆ సంగతి ఎలా చెప్పాలో మాత్రం చెప్పలేదు. నేను కనిపెట్టిన ఉపాయం ఏమిటంటే, ఎత్తుకోమన్నప్పుడల్లా నేనే నేల మీద కూర్చుంటాను, వాళ్ళే వచ్చి ఎక్కుతారు. ఎక్కడం సులువే, చిక్కంతా నేను లేవడంలో ఉంది. ఒక చేత్తో సోఫా కోడు పట్టుకుని, రెండో చేయి వాళ్ళకు ఇస్తే, ఆ చేతిని ఇద్దరూ పట్టుకుని వెనక్కి వాలి, వాళ్ళ తాతగారు నేర్పినట్టు "హైలెస్సా" అని లాగుతారు. నేను నా బలంతోనే లేస్తాను గాని, లేచాక ఇద్దరూ అలసిపోయినట్టు ఊపిరి వదులుతారు.

జంట పిల్లల తోపుడు బండి ఒకటి ఎంతో ముచ్చటపడి కొన్నాము. అది మా లిఫ్టు తలుపులో పట్టదని ఇంటికి తెచ్చాక తెలిసింది. పట్టినా, కాలిబాట మీద నాలుగు అడుగులకొక గుంత, అయిదో అడుగున ఒక బండి నిలిపి ఉంటుంది. 2024 వేసవిలో బోర్లు ఎండిపోయి, మా భవనానికి ట్యాంకరు వచ్చిన రోజున మాత్రమే బట్టలు ఉతుక్కోగలిగిన నెలల్లో, ఆరు నెలల ఇద్దరు పసిపిల్లల బట్టలు ఆ బండి మీదే ఆరేవి. ఇప్పటికీ అది బాల్కనీలోనే, ఆ ఉద్యోగంలోనే ఉంది.

నాలుగు వారాల క్రితం లిఫ్టు చెడిపోయింది. ఆ సాయంత్రం ఇద్దరినీ కింద ఆడించి, ఒక చేతిలో కూరల సంచితో మెట్లెక్కడం మొదలుపెట్టాను. రెండో అంతస్తు మలుపు దగ్గర నాని మెట్టు మీద చతికిలబడి "ఎత్తుకో" అన్నాడు. ఎత్తుకోలేనన్నాను. అమ్ములు కూడా కూర్చుంది. బతిమాలాను, బిస్కెట్టు ఆశ చూపించాను, చివరకు కోప్పడ్డాను. కోప్పడేసరికి ఇద్దరూ ఒక్కసారే అందుకున్నారు. నాకు కాళ్ళు లాగుతున్నాయి, కడుపులో బిడ్డ పక్కటెముక మీద తన్నుతోంది. నేనూ అక్కడే కూర్చున్నాను. సంచిలో నుంచి చిక్కుడుకాయలు తీసి ఇస్తే కాసేపు ఏడుపు ఆగింది, గింజలు వలిచి మెట్ల మీద దొర్లించారు. నాకు కూడా ఏడుపు వచ్చిందని ఇక్కడ రాయడానికి సిగ్గు పడడం లేదు. అప్పుడు కింది ఇంటావిడ, అరవై అయిదేళ్ళు ఉంటాయి, తలుపు తీసి చూసి, ఏమీ అడగకుండా మా ముందుకు వచ్చి నిలబడి, ఒక మెట్టు ఎక్కి "ఒందు" అంది. రెండో మెట్టు ఎక్కి "ఎరడు" అంది. పిల్లలు ఏడుపు ఆపి చూశారు. ఆవిడ మళ్ళీ కిందకు దిగి, మళ్ళీ ఎక్కి అదే లెక్క చెప్పింది. అమ్ములు లేచి "ఒందు" అని ఒక మెట్టు ఎక్కింది, నాని "ఎలడు" అని పక్కనే ఎక్కాడు. ఆవిడ "మూరు, నాల్కు" అని సాగించబోయింది గాని వాళ్ళు వినలేదు. మూడో మెట్టు మళ్ళీ "ఒందు", నాలుగోది మళ్ళీ "ఎలడు". అలా ఒందు, ఎరడు అనుకుంటూనే మూడో అంతస్తు చేరారు. ఆనాటి నుంచి ఇంట్లో ఏది లెక్కపెట్టినా అదే లెక్క. ఇడ్లీలు ఎన్ని ఉన్నా రెండు దాకా వెళ్ళి వెనక్కి వస్తారు.

సంక్రాంతి పండుగకు వారం ముందే మా అమ్మ ఒంగోలు నుంచి వచ్చింది. మామూలుగా ఏడో నెలలో నేనే పుట్టింటికి వెళ్ళవలసింది. మొదటిసారి అలాగే వెళ్ళాను. ఈసారి ఇద్దరు పిల్లలతో శేషాద్రి ఎక్స్‌ప్రెస్‌లో ప్రయాణం వద్దని అందరం అనుకున్నాము. అయిదేళ్ళ లోపు పిల్లలకు బెర్తు అడగకపోతే రైల్వే వాళ్ళు టికెట్టే అడగరు కాబట్టి వాళ్ళ లెక్కలో మా ఇద్దరూ సున్న. ఆ సున్నతోనే పోయిన ఏడాది ఒక బెర్తు మీద నేను రాత్రంతా కూర్చునే ఉన్నాను.

కృష్ణరాజపురం స్టేషనులో దిగి, సున్నుండల డబ్బాతో ఇంట్లోకి వస్తూనే అమ్మ పిల్లలను పరకాయించి చూసి, "ఎడపిల్లలే, చిక్కిపోయారు పాపం" అంది. తల్లి మళ్ళీ కడుపుతో ఉన్నప్పుడు ఇంట్లో ఉన్న పసిబిడ్డను మా వైపు ఎడపిల్ల అంటారు. తిండి సహించక, ఊరికే ఏడుస్తూ, తల్లి కొంగు వదలకుండా ఉండడం ఎడపిల్ల లక్షణమని పెద్దవాళ్ళు చెబుతారు. నిజానికి పిల్లలు చిక్కలేదు, బరువు చూస్తూనే ఉన్నాము. కానీ కొంగు వదలరన్న మాట మాత్రం నిజం. "ఎడపిల్ల ఒక్కరయితే చంకన వేసుకుని తిరిగేదాన్నే, ఇద్దర్నీ ఏం చేసేదే అమ్మాయ్" అంది అమ్మ. ఉప్పూ మిరపకాయలతో ఇద్దరికీ విడివిడిగా దిష్టి తీసింది. ఒకేసారి తీయవచ్చు కదా అంటే, ఎవరి దిష్టి వారిదేనట.

రాత్రి పడక దగ్గర నన్ను పంచుకునే పద్ధతి ఒకటి వాళ్ళే ఏర్పాటు చేసుకున్నారు. కుడి చేయి అమ్ములుది, ఎడమ చేయి నానిది. కుడి పక్క జడ, కుడి చెవి జూకా అమ్ములువి. ఎడమ భుజం మీద ఉన్న పుట్టుమచ్చ నానిది, దాన్ని నొక్కుతూ నిద్రపోతాడు. పొట్ట మాత్రం ఎవరిదో తేలలేదు. అది పెరుగుతున్న కొద్దీ ఇద్దరికీ మధ్య గట్టు లేచినట్టయి, ఒకరి ముఖం ఒకరికి కనబడక, తలలెత్తి ఒకరినొకరు వెతుక్కుంటున్నారు. బిడ్డ కదిలితే ఇద్దరి చేతులూ వచ్చి వాలతాయి. కుడి వైపు తన్నితే అమ్ములు గెలిచినట్టు, ఎడమ వైపు తన్నితే నాని గెలిచినట్టు. ఒక రాత్రి అమ్ములు చాలాసేపు చేయి తీయకుండా ఉండి, "పాప ఉంది. ఇంకో పాప?" అని అడిగింది. ఇంకో పాప లేదు, ఒక్కరే అన్నాను. నమ్మలేదు. లోపల ఎవరో దాక్కున్నారన్న అనుమానం అచ్చం వాళ్ళ నాన్నదే. కానీ తర్వాత ఆలోచిస్తే, దాని తప్పేమీ లేదనిపించింది. పుట్టక ముందు నుంచీ దానికి పక్కన ఒకడున్నాడు. ఇంట్లో గ్లాసులు రెండు, చెప్పుల జతలు రెండు, ఉగ్గుగిన్నెలు రెండు. ఒంటరిగా పుట్టే బిడ్డ అంటే ఎలా ఉంటుందో వాళ్ళు చూసి ఎరగరు.

భోగి రోజు సాయంత్రం పిల్లలకు భోగిపళ్ళు పోశాము. రేగుపళ్ళు, చెరకు ముక్కలు, బంతిపూల రేకులు, నానబెట్టిన శనగలు, చిల్లర నాణేలు కలిపి అమ్మ పెద్ద పళ్ళెంలో సిద్ధం చేసింది. కింది ఇంటావిడ కూడా ఎళ్ళు బెల్లం, అంటే నువ్వులూ బెల్లం, తీసుకుని వచ్చి, రేగుపళ్ళను చూసి "ఎలచి హణ్ణు, నమ్మల్లూ ఇదె" అంది, రేగుపళ్ళు తమలోనూ ఉన్నాయని. రెండు పీటలు వేసి కూర్చోబెట్టి అందరం పోస్తుంటే, నాని నాణేల కోసం వంగి ముందుకు పడ్డాడు, అమ్ములు తల దులుపుకుని రేకులన్నీ గది నిండా చల్లింది. హారతి అయ్యాక నేను గోడకు ఆనుకుని నేల మీద కూర్చున్నాను. అమ్ములు పిడికిట్లో రేగుపళ్ళు పట్టుకుని వచ్చి, ఒకటి తీసి నా పొట్ట మీద పెట్టి "ఒందు" అంది. నాని ఇంకొకటి దాని పక్కన పెట్టి "ఎలడు" అన్నాడు. కడుపులో బిడ్డ కదిలేసరికి రెండూ దొర్లి చీర మడతల్లో పడ్డాయి. ఇద్దరూ పకపకా నవ్వి, వాటిని వెతికి తీసి, మళ్ళీ మొదటి నుంచి పెట్టారు.